కొల్లేటి సరస్సు: నాడును, నేడును

చల్లపల్లి నుండి ఘంటసాలకు పోవు త్రోవలో ఇరుప్రక్కల వరిచేలు తప్ప వేరొకటి కానరాదు. సముద్రపు గాలి మోమునకు సోకును గాని సముద్రము కంటబడదు. అయినను ఈ ఘంటసాలయే ఒకప్పుడు పేరుమోసిన రేవుపట్టణము. క్రీస్తు తరువాత రెండవ శతాబ్దమున టాలమీ యను గ్రీకు భూగోళవేత్త పేర్కొనిన ‘కొంటకోస్సిల’ యను వర్తకస్థానము ఇదియే యని పండితులు గుర్తించిరి. ప్రాకృత శాసనములందు దీని పేరు కంటకసోల. పందొమ్మిదవ శతాబ్ది చివర అలెగ్జాండరు రే అను పురావస్తు పరిశోధకుడు ఇచ్చటి బౌద్ధస్తూపమును త్రవ్వించెను. నాడు సరకుల ఓడల కొరకు ఎదురుచూచిన ఊరిలో నేడు ధాన్యపు బస్తాలు మోయు ట్రాక్టర్లు తిరుగుచున్నవి.

కృష్ణాగోదావరుల నడుమ పుట్టి పెరిగిన మాబోటి వారికి ఇది వింతగా తోచదు. మన కాళ్ళక్రింది మన్ను మన ఊరిది కాదు. పడమట ఎచ్చటి కొండలనుండియో ఏరులు మోసికొనివచ్చి పోసినది. ఆ మన్ను పేరుకొనుచు పోయిన కొలదిని సముద్రము వెనుకకు తగ్గినది. అట్లు తగ్గుచు తగ్గుచు సముద్రము మరచిపోయిన ఒక మడుగు కలదు. దాని పేరు కొల్లేరు. నేటి ప్రసంగమునకు అదియే విషయము.

మేము కొల్లేటికి బయలుదేరినది మార్గశిరమాసపు ఒక వేకువను. చల్లపల్లి నుండి కూచిపూడి, పామర్రు, గుడివాడ దాటి ముదినేపల్లి మీదుగా కైకలూరు చేరితిమి. దారి పొడవునను కాలువలే తోడు. కైకలూరు సమీపించునప్పటికి చేల స్థానమున చెరువులు కనబడసాగినవి. మొదట ఇదియే కొల్లేరు కాబోలు ననుకొంటిమి. కాదు, అవి గట్లు పోసి కట్టిన చేపల చెరువులు. అసలు సరస్సును చూచుటకు ఇంకను చాలదూరము పోవలసివచ్చినది.

సరస్సు లనగానే మనకు స్ఫురించునది హిమవత్పర్వతము. మానససరోవరము సముద్రమట్టమునకు సుమారు 4,590 మీటర్ల ఎత్తున నున్నది. అట్టి కొండసరస్సులు మంచుగడ్డలు కొండలను దొలుచుట చేతనో, కొండచరియలు విరిగి ఏటికి అడ్డుపడుట చేతనో, భూమి పొరలు బీటవారి క్రుంగుట చేతనో ఏర్పడును. నీరు లోతు, చల్లన, అద్దమువలె నిర్మలము. కొల్లేరు వీనికి అన్నివిధముల ఎదురు. దీని అడుగు ఇంచుమించు సముద్రమట్టమునకు సమానము. వేసవిలో నడుము లోతైనను ఉండని తావులే ఎక్కువ. వరదకాలమున మాత్రము నిలువెత్తు దాటును. నీరు వెచ్చన, రంగు మట్టిరంగు. కొండవీటి చాంతాడను సామెత పుట్టినది కృష్ణకు ఆవలి ఒడ్డున, నీళ్ళు పాతాళమున నుండు చోట. కొల్లేటి లంకలో పుట్టినవానికి చాంతాడుతో పనియేమి? వంగి దోసిలి పట్టినచో చాలును.

ఈ సరస్సు పుట్టుకను గూర్చి భూశాస్త్రజ్ఞులు చెప్పునది ఆలకింపదగినది. సుమారు ఇరువదివేల సంవత్సరములకు పూర్వము భూగోళముపై మంచు మిక్కుటముగా నుండెను. సముద్రజలము చాలవరకు మంచుగా గడ్డకట్టి నేలపై నిలిచిపోవుటచే సముద్రమట్టము నేటికంటె నూరు మీటర్లకు మించి దిగువన నుండెను. పిమ్మట మంచు కరగి సముద్రము మెల్లమెల్లగా పైకి వచ్చినది. ఆరేడువేల సంవత్సరముల క్రిందట కడలి యంచు నేటి కొల్లేటి పరిసరములలో నుండెనని ఊహించుచున్నారు. అటుపై సముద్రము నిలకడ పొందినది. ఏరులు మాత్రము మన్ను మోయుట మానలేదు. దక్షిణమున కృష్ణ, ఉత్తరమున గోదావరి తమ తమ ముఖద్వారముల యొద్ద మన్ను పోసి రెండు డెల్టాలను సముద్రములోనికి చొప్పించినవి. నడుమ నొక అఖాతము మిగిలినది. అలలు ఇసుకను త్రోసి ఒడ్డు పొడవున దిబ్బలు పెట్టినవి. ఆ దిబ్బల వెనుక చిక్కుకొనిన ఉప్పునీరు తొలుత కయ్యగా నిలిచి, పిమ్మట వాననీటితోను ఏటినీటితోను తీపెక్కి సరస్సైనది. నేడు సముద్రము దానికి సుమారు 35 కిలోమీటర్ల దూరమున నున్నది.

తూర్పుతీరమున ఇట్టివి మరి రెండున్నవి. ఉత్తరమున ఒరిస్సాలోని చిలుక, దక్షిణమున పులికాటు. అవి రెండును ఇప్పటికిని సముద్రముతో చుట్టరికము వదలుకొనలేదు. వాని నీరు ఉప్పన. నడిమిదైన కొల్లేరు మాత్రము మంచినీటి సరస్సైనది. అక్కచెల్లెండ్రు మువ్వురిలో నడిపిది పుట్టినింటికి దూరమైనట్లున్నది.

ఇది పైపొరల సంగతి. అడుగుపొరల కథ ఇంకను ప్రాచీనము. చమురునకై వెదకిన వారు ఈ సమతలపు వరిచేల క్రింద లోతున పాతిపెట్టినట్లు కొండవరుసలను, వాని నడుమ లోయలను కనుగొనిరి. ఆ మిట్టలకు కాజ, కైకలూరు, తణుకు అనియు, లోయలకు గుడివాడ, బంటుమిల్లి అనియు మన ఊళ్ళ పేర్లే పెట్టిరి. దక్షిణఖండము చీలి ఇండియా వేరుపడిన కాలమున, అనగా కోట్లకొలది సంవత్సరముల క్రిందట, ఇవి ఏర్పడినవి. పైకి చూచిన చేయి చాచినంత మేర మిట్టపల్లములు లేని నేల. లోపల నింత ఎగుడుదిగుడు!

ఇక చరిత్ర. కర్ణాటకమున ఐహొళె గ్రామమునందలి జైనాలయము గోడపై పశ్చిమచాళుక్య చక్రవర్తియైన రెండవ పులకేశి విజయములను వర్ణించు శాసనమొకటి కలదు. రవికీర్తి యను కవి దానిని క్రీ.శ. 634–35లో రచించెను. అందు ‘కౌనాళ’ జలమను మాట వచ్చును. ఏనుగుల బారులు క్రమ్మిన ఆ నీరు యోధుల నెత్తుటిచే ఎఱ్ఱనై, మేఘములు నిండిన సంధ్యాకాశమువలె నుండెనని కవి వర్ణన. ఈ కునాళము కొల్లేరే యని శాసన పరిశోధకుడగు కీల్‌హార్ను నిర్ణయించెను. వేంగీదేశముకొరకు జరిగిన పోరు అది. అటుపిమ్మటనే పులకేశి తమ్ముడైన కుబ్జవిష్ణువర్ధనుడు వేంగిలో తూర్పుచాళుక్య వంశమును నెలకొల్పెను. వేంగి యనగా నేటి పెదవేగి, ఏలూరునకు చేరువ. తెలుగుదేశ చరిత్రలో నాలుగైదువందల యేండ్లు నిలిచిన రాజ్యమొకటి ఈ సరస్సు ఒడ్డున జరిగిన పోరుతో మొదలైనదన్నమాట.

దండి మహాకవి దశకుమారచరితములో మంత్రగుప్తుని కథ యున్నది. ప్రియురాలి దంతక్షతముచే పెదవి గాయపడుట వలన అతడు తన కథనంతయు పెదవులు కలియని అక్షరములతోనే చెప్పును. మన అలంకారికులు నిరోష్ఠ్యమందురు. ఆ కథలో జయసింహుడను ఆంధ్రరాజు కళింగరాజును, అతని కూతురగు కనకలేఖను బంధించి తెచ్చును. మంత్రగుప్తుడు సన్న్యాసివేషమున ఆంధ్రనగరమునకు వచ్చి, చేరువనే యున్న పెద్ద సరస్సు గట్టున మకాము పెట్టి, నీటిలో స్నానమాడినచో దివ్యదేహము కలుగునని రాజును నమ్మించును. తాను ముందుగానే గట్టున బొరియ త్రవ్వి యుంచికొని, రాత్రివేళ నీటదిగిన రాజును చంపి, బొరియలో దాచి, తానే క్రొత్తమేను పొందిన రాజునని పైకి తేలును. ఈ ఆంధ్రనగరము వేంగి యనియు, సరస్సు కొల్లేరనియు, రాజు తూర్పుచాళుక్య మొదటి జయసింహుడనియు కొందరు చరిత్రకారులు తలచిరి. కథ కథయే. అయినను సరస్సు అంత పెద్దది కాకున్నచో, గట్టు అంత మెత్తనిది కాకున్నచో ఆ మోసము సాగెడిది కాదు. కొల్లేటి మట్టిని త్రొక్కిచూచిన మాకు దండి ఈ ప్రాంతము నెరుగునేమో యనిపించినది.

సరస్సు నడుమ కొల్లేటికోట యను లంక కలదు. పూర్వము గజపతుల కోట ఇచ్చట ఉండెననియు, దానిని పట్టుకొన వచ్చిన శత్రుసేనాని చిగురుకోటలో విడిదిచేసి, నీటిమట్టము తగ్గించుటకై సముద్రము దాక కాలువ త్రవ్వించెననియు, ఆ కాలువయే ఉప్పుటేరనియు స్థలపురాణము. గజపతుల సేనాని జయమును కోరి తన కూతురినే బలియిచ్చెననియు, ఆమె పేరనే ఆ కాలువకు పేరంటాల కనుమ యను పేరు కలిగెననియు చెప్పుదురు. ఉప్పుటేరు మనుష్యులు త్రవ్విన కాలువ వలె కాక, వంకరటింకరగా పోవు సహజమైన ఏరువలెనే కానవచ్చును. అయినను కథలోని యుక్తి మాత్రము గట్టిది: కొల్లేటిని గెలువవలెనన్నచో ఉప్పుటేటిని చేతబట్టవలెను. నేటి ఇంజనీర్లును ఆ మాటనే వేరొక భాషలో చెప్పుచున్నారు. లంకలోని పెద్దింట్లమ్మకు ఫాల్గుణమాసమున తిరునాళ్ళు జరుగును. లంకగ్రామముల వారే గాక డెల్టా జనులెందరో ఆ దినములలో అచ్చటికి చేరుదురు.

కొల్లేటికి నీరు తెచ్చునవి బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు. ఇవి గాక డెల్టా మురుగు కాలువలు పెక్కులు. పోవుటకు మాత్రము ఒక్కటే దారి, ఉప్పుటేరు. సుమారు 60 కిలోమీటర్లు ప్రాకి అది బంగాళాఖాతమున కలియును. ఇన్ని వాకిళ్ళనుండి లోనికి వచ్చు నీరు ఒక్క వాకిట బయటకు పోవలసియున్నది. అందుచే సరస్సు వానకాలమున ఉబ్బి, వేసవిలో ఇంకి, ఏటేట ఊపిరి పీల్చి విడుచునట్లు పెరుగుచు తరుగుచుండును. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తుగీతవరకు నీరు నిండినచో దాని వైశాల్యము సుమారు 308 చదరపు కిలోమీటర్లు. పదియడుగుల గీతవరకు వచ్చినచో 900 చదరపు కిలోమీటర్లు దాటును. ఈ ‘అయిదవ కాంటూరు’, ‘మూడవ కాంటూరు’ అను మాటలు కొల్లేటి జాలరి నోట సైతము వినవచ్చును. భూగోళపాఠములోని పదమొకటి జనుల అన్నపుకుండకు ముడిపడిన తావులు దేశమున అరుదు.

మేమెక్కినది తాటిదోనె. తాటిమ్రానిని తొలిచి చేసిన పడవ యిది. రెండు దోనెలను జతచేసి కట్టుటయు కలదు. గడవేసిన వాడు డెబ్బదియేండ్ల ముదుసలి. కిక్కిస పొదల నడుమనుండి, తుంగలోనుండి, గుర్రపుడెక్క తెప్పల ప్రక్కనుండి దారిచేసికొని పోవుచు చేపల పేర్లు ఏకరువు పెట్టెను: కొర్రమేను, వాలుగ, మార్పు, ఇంగిలాయి, బొమ్మిడాయి, జెల్ల, చేదుపరిగె. వీనిలో కొర్రమేనునకు, మార్పునకు, ఇంగిలాయికి ఒక విశేషమున్నది. మొప్పలు గాక గాలి పీల్చు అవయవములు వీనికి ప్రత్యేకముగా కలవు. నీరు వెచ్చనై ప్రాణవాయువు సన్నగిలిన వేళ అవి పైకి వచ్చి గాలి మ్రింగి బ్రతుకును. వేసవిలో ఎండిపోవు సరస్సునందు బ్రతుకవలసిన చేపకు ప్రకృతి యిచ్చిన వరమది. కొండసరస్సులోని చల్లని నీటి చేపకు ఈ విద్య అక్కరలేదు.

“ఇదివరకు మావులేసుకుని కూచుంటే ఇంటిల్లిపాదికీ కూరొచ్చేదండీ. గట్లు పడ్డాక కొల్లేరెక్కడుందండీ? చెరువులున్నాయి గానీ” యని ఆ ముదుసలి గడను ఒకమారు గట్టిగా పొడిచెను. మావు లనగా వెదురుబద్దలతో అల్లి నీటిలో నుంచు చేపలబోనులు.

అటుపై అందరము మాటలు మానితిమి. ఎదుట పక్షులు కనబడినవి. వేలకొలది పరజలు నీటిపై నల్లని చాపవలె తేలుచుండెను. పరజలన్నది ఇచ్చటి జనులు బాతుజాతులకు పెట్టిన పేరు. శీతకాలమున మధ్యాసియా, సైబీరియా ప్రాంతములనుండి తోకబాతులు, చెంచామూతి బాతులు మున్నగునవి ఇచ్చటికి దిగును. నీటికాకులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, ఉల్లంకులు, నీలి బొల్లికోళ్ళు సరేసరి. పూర్వము పరజలను వలలతో పట్టి అమ్ముట కొందరికి జీవనోపాధి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము తరువాత అది నేరమైనది. మన కావ్యములలో రేయి ఎడబాటునకు విలపించు జక్కవ కూడ ఇట్టి బాటసారియే. వేసవిలో లడకు, టిబెట్టు ప్రాంతములందలి కొండసరస్సుల చెంత రాతిబొరియలలో గ్రుడ్లు పెట్టి పిల్లల నెత్తి, చలికాలమున దేశపు మైదానములకు దిగివచ్చును. మన కవులు చూచినది దాని విడిది మాత్రమే, ఇల్లు చూడలేదు.

పక్షులలో రాజు గూడబాతు. రెండున్నర మీటర్ల వరకు రెక్కలు చాచును. ముక్కు క్రింద సంచి, పైదవడ పొడవున చుక్కలు. వలవేసినట్లు సంచితో నీటిని తోడి, నీరు విడిచి చేపను మ్రింగును. 1946లో కె. కె. నీలకంఠన్ అను కేరళీయ పక్షిశాస్త్రజ్ఞుడు కొల్లేటి ప్రాంతమున గూడబాతుల నివాసమొకటి కనుగొనెను. ‘ఇందుచూడన్’ అను పేరున మలయాళమున పక్షుల గూర్చి వ్రాసినవాడు ఈయనయే. నాడు అచ్చట ఇంచుమించు మూడువేల గూడబాతులు గూళ్ళు కట్టియుండెనట. దక్షిణదేశమున అంత పెద్ద గూడు గుంపు అరుదు. 1975 ప్రాంతమునకు ఆ నివాసము రూపుమాసిపోయినది. ముప్పదియేండ్లు నిండకమునుపే! ఈ లెక్క మమ్ము చాలసేపు విడువలేదు.

వాని కేమైనదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలసియున్నది. 1852లో గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట, 1855లో కృష్ణపై బెజవాడ ఆనకట్ట పూర్తియైనవి. డెల్టా అన్నపూర్ణయైనది; కాటనుదొరకు మన ఊళ్ళలో విగ్రహములు లేచినవి. అందు తప్పులేదు. చల్లపల్లి చేలకు నీరు వచ్చినదియు ఆ పుణ్యముననే. అయితే చేలకు ఎక్కిన నీరు మురుగై ఎచ్చటికో దిగవలెను గదా. దాని కొక పల్లము సిద్ధముగా నున్నది. నీటితో పాటు ఒండ్రు, తరువాతి కాలమున ఎరువులు, పురుగుమందులు, పట్టణముల మురికి దిగినవి. వీనితో గుర్రపుడెక్క బలిసినది. దక్షిణ అమెరికానుండి అందమైన పూవునకై తెచ్చిన ఈ మొక్క ఒక్క కొల్లేటినే గాక దేశమునందలి జలాశయములనెల్ల క్రమ్మినది.

1970 తరువాతి దశాబ్దమున ప్రభుత్వము జాలరుల సహకార సంఘములకు సరస్సు భూమిలో చేపల చెరువులు త్రవ్వించి యిచ్చినది. ఉద్దేశము మంచిది. వరదలకు వరిపైరు కొట్టుకొనిపోవు లంకల ప్రజలకు నిలుకడైన బ్రతుకుతెరువు చూపవలెనని. అయితే బొచ్చె, శీలవతి చేపలు పట్టణములలో మంచి ధర పలుకుట చూచి డబ్బున్నవారు వచ్చి కౌలునకు తీసికొనిరి. గట్లు పెరిగినవి. జాలరి తన సరస్సులో కూలివాడైనాడు. గూడబాతునకు గూడు పెట్టు చెట్టు, మేతకు పలుచని నీరు రెండును కరవైనవి.

1999లో అయిదవ కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లను వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో రాంసర్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడినేలల పట్టికలో కొల్లేరు చేరినది. ఇరాన్ దేశమునందలి రాంసర్ పట్టణమున 1971లో కుదిరిన ఒడంబడిక యిది. 2006లో సుప్రీంకోర్టు ఆజ్ఞానుసారము అభయారణ్యములోని చేపల చెరువుల గట్లను యంత్రములతోను, పేలుడు పదార్థములతోను తెగగొట్టిరి. ఆ దినములలో లంకలలో కలిగిన ఆక్రందన సామాన్యమైనది కాదు. గట్లతో పాటు కౌలుదారు పెట్టుబడియు పోయినది, కూలివాని కూడును పోయినది. పక్షుల కొరకు మనుష్యులను పస్తులుంచుదురా యని వారడిగిన ప్రశ్నకు మా యొద్ద సులభమైన జవాబు లేదు. కాని కౌలుదారు నష్టమును జాలరి నష్టమును ఒక్క త్రాసున తూచుట న్యాయము కాదనియే మా అభిప్రాయము. పిమ్మటి సంవత్సరములలో గట్లు మరల కొన్నిచోట్ల లేచినవి. అభయారణ్యమును మూడవ కాంటూరునకు కుదింపవలెనని కొందరును, కూడదని కొందరును వాదించుచునే వచ్చిరి.

2024 సెప్టెంబరు మొదట కురిసిన కుండపోత వానలకు మైలవరము కొండలనుండి బుడమేరు పొంగి వచ్చినది. దాని నీటిని కొంత కృష్ణకు మరల్చు కాలువకు గండ్లు పడినవి. అదే సమయమున ప్రకాశము బరాజు వద్ద కృష్ణ 11 లక్షల క్యూసెక్కులకు మించి పారుచుండెను. విజయవాడలో సింగునగరము మొదలగు పేటలు దినములకొలది నీట మునిగినవి. మేడమీది నుండి త్రాడు జారవిడిచి పాలపొట్లములు అందుకొనిన వారిని గూర్చి మన మందరము వింటిమి. బుడమేరు చేరవలసిన చోటు కొల్లేరు. కొల్లేటిలో అడ్డుగట్లున్నను, పెద్దయెడ్లగాడి వారధి క్రింద నీరు సాగకున్నను, ఉప్పుటేరు పూడినను, ఆ వరద వెనుకకు ఎగదన్నక తప్పదు. ఒకనాటి సేనాని సరస్సు నెండించుటకు ఉప్పుటేరు త్రవ్వించెనని కథ. ఈనాడు దానిని పూడిక తీయింపవలెనని రైతులు ఏటేట మొరపెట్టుట కథ కాదు.

సాయంకాలము మేము కైకలూరు చెంతనున్న ఆటపాక చేరితిమి. గూడబాతులు కొల్లేటిని పూర్తిగా వదలిపోలేదు. తరువాతి కాలమున ఇచ్చట మరల గూళ్ళు కట్టసాగినవి. పక్షుల రెట్టకు చెట్లు మోడువారుచుండుటచే అటవీశాఖవారు నీటిలో ఇనుపమంచెలు నిలిపిరి. వాని మీదనే పుల్లలు పేర్చి గూడబాతులు పిల్లలను సాకుచున్నవి. ఎర్రకాళ్ళ కొంగలు ప్రక్కమంచెలపై కాపురమున్నవి. ఒక తల్లిపక్షి సరస్సువైపునుండి వచ్చి రెక్కలు ముడిచి వ్రాలినది. పిల్ల దాని సంచిలోనికి తల మొత్తము దూర్చి మేతకై కలియబెట్టసాగినది. చీకటిపడువరకు మేము గట్టుననే నిలిచి చూచితిమి. తల్లి మరల రెండుమార్లు పోయివచ్చినది.